కుంటని కుక్కపిల్ల

అలవాట్లాయన బల్ల కిందకి దూరి మూడోసారి దగ్గాడు. మామూలు దగ్గు కాదు. ముందు రెండు పొడి దగ్గులు, కాస్త ఆగి, గొంతులోంచి గోకి తీసినట్టు ఒక తడి దగ్గు. ఎక్కడో ఎవరింట్లోనో పడక్కుర్చీలో కూర్చునే ఒక పెద్దాయన దగ్గే దగ్గు అది. ఆ దగ్గు వినగానే ఆయన కుక్క లేచి చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టేదట. ఆ కుక్క పోయింది. దాని చెవిలోంచి గిల్లి దాచిన చిటికెడు చర్మంతో కంపెనీవాళ్ళు ఇంకో కుక్కని పుట్టించారు. పుట్టినదానికి రూపం వచ్చింది గాని, చెప్పుల సంగతి రాలేదు. రప్పించడం అలవాట్లాయన ఉద్యోగం.

ఆ నల్ల కుక్కపిల్ల తల పక్కకి వంచి, చెప్పులకేసి కాక, ఆయన మొహంకేసి చూసింది. పాపం, ఈయనకి ఒంట్లో బాగాలేదల్లే వుంది అన్నట్టు చూసింది.

"నిజంగా దగ్గొచ్చిన రోజున నిన్నెవరు నమ్ముతారు బాబాయ్?" అంది తొట్టి దగ్గర్నుంచి స్నానాలమ్మ. కుక్కలకి నీళ్ళుపోసే మనిషి ఆవిడ. మోచేతుల దాకా నురగ.

"మీ పిన్ని ఎలాగూ నమ్మదు. మొన్న జ్వరంతో మూలుగుతుంటే, ఇది ఏ కుక్కకోసం అని అడిగింది."

ఆయనకి యాభై తొమ్మిదేళ్ళు. ఎండిన బెండకాయలా పొడుగ్గా, గీతలు గీతలుగా వుంటాడు. ప్యాంటు మోకాళ్ళకి తోలుముక్కలు కుట్టించుకున్నాడు. రోజులో సగం నాలుగు కాళ్ళ మీదే గడుస్తుంది మరి. పదకొండేళ్ళ నుంచి అదే పని. ముసలాళ్ళలా దగ్గడం, పిల్లల్లా ఏడవడం, స్కూటరు ఆగిన చప్పుడు, ఉరుము, కుక్కర్ కూత, అన్నీ ఆయన గొంతులోనే వుంటాయి. ఒకసారి సరదాకి మొరిగితే, మూడు వీధుల అవతల పోస్టుమాన్ గోడెక్కాడని చెప్పుకుంటారు. మూడు వీధులంటే మరీ ఎక్కువే కావచ్చు. గోడెక్కిన మాట మాత్రం నిజం. గోడమీది మేకుకి చిరిగిన ఖాకీ ప్యాంటుని కళ్ళారా చూసినవాళ్ళున్నారు.

కింది అంతస్తంతా ఒకటే పొడుగాటి గది. తెల్లటి పలకల గోడలు, మధ్యలో నీళ్ళుపోయే కాలవ, రెండువైపులా ఊచల గదులు. ఫినాయిల్ వాసన, దానికింద తడిబొచ్చు వాసన, దానికింద ఎంత కడిగినా పోని పాలవాసన. గుమ్మం దగ్గర లిఫ్టు. పై అంతస్తులో ఏం చేస్తారో కిందివాళ్ళు ఎరగరు. పిల్లలు పైనుంచి కిందికొస్తాయి. కొన్ని మళ్ళీ పైకి పోతాయి. అలా పోయినది తిరిగి దిగగా చూసినవాళ్ళు మాత్రం లేరు.

కుక్కని అడగవచ్చేవాళ్ళు ఒక ఫారం నింపాలి. అరవై నాలుగు ప్రశ్నలు. ఏ వైపు తిరిగి పడుకునేది? గంట మోగితే ముందు తలుపు చూసేదా, మిమ్మల్ని చూసేదా? ఎవరంటే గిట్టేది కాదు? ఈ ఆఖరిదానికి ఒకావిడ "మా ఆడపడుచు" అని రాసి, గుర్తుకోసం ఆడపడుచు చేతిసంచీ ఒకటి పంపింది. ఆ సంచీ కనబడ్డప్పుడల్లా రేకు డబ్బా మోగించి, మొత్తానికి పిల్లకి పళ్ళు బయటపెట్టడం నేర్పాడు అలవాట్లాయన. నేర్పినరోజు రాత్రి అన్నం సయించలేదు. ఆ ఆడపడుచు ఎవరో, ఈ పిల్లకి ఏం కీడు చేసిందో! పిల్లమాత్రం పాఠం బాగా చదువుకుంది. ఇంటికెళ్ళాక సంచీ పట్టుకున్న ఆడవాళ్ళందరి మీదా సమానంగా గుర్రుమందని, అందులో దాని యజమానురాలు కూడా వుందని, కబురొచ్చింది.

"ఏడ్చేవాళ్ళ ఏడుపు ఆపుతున్నాం బాబాయ్, అందులో పాపమేముంది?" అంటుంది స్నానాలమ్మ. "పోయినవాళ్ళ ఫొటో గోడకి తగిలించుకోమా?"

"ఫొటోకి ఆకలెయ్యదే పిచ్చిదానా."

ఆ రోజు పదకొండు గంటలకి చూపులు. అంటే, కుక్కని అడిగినవాళ్ళు వచ్చి చూసుకునే వేళ. చూసుకునేది గోధుమరంగు పిల్లని. మూడు నెలలది. అడిగినావిడ పళ్ళ డాక్టరు, రిటైరైంది. ఆవిడ పాత కుక్కకి నీళ్ళంటే హడలని ఫారంలో వుంది. ఈ పిల్లకి కొళాయితో తగువు. నీళ్ళు వదిలితే చాలు, ఎదురుగా నిలబడి ఆ ధారని తిట్టినతిట్టు తిట్టకుండా తిడుతుంది. కట్టేస్తే గెలిచినట్టు తోకెత్తుకుని తిరుగుతుంది. నెలరోజులు ప్రయత్నించినా దానికి నీళ్ళంటే భయం నేర్పలేకపోయాడు అలవాట్లాయన. గట్టిగా ప్రయత్నించలేదనే మాట కూడా వుంది.

పాత కుక్క ఛాతీ మీద మచ్చలేదు. దీనికి అరచేయంత తెల్లమచ్చ. ఒకటే రక్తం, ఒకటే గుణం అని పైవాళ్ళు ఎన్ని చెప్పినా, మచ్చలు మాత్రం కడుపులో వాటి ఇష్టం వచ్చినట్టు పడతాయి. అందుకని స్నానాలమ్మ నిన్న ఆ మచ్చకి రంగేసింది. "మన మేనేజరు మీసానికి వేసేదే బాబాయ్, మిగిలింది" అంది కుంచె కడుగుతూ.

తొమ్మిదిన్నరకి మేనేజరు దిగాడు. ముప్ఫై దాటని కుర్రాడు. మీసానికి తొందరపడి నెరుపొచ్చింది పాపం. చేతిలో రెండు ఫోన్లు, ఇంకో చేతిలో చిన్న ప్లాస్టిక్ కవరు.

"మాస్టారు గారూ, డాక్టరమ్మగారు వీడియో చూశారట. తనది కుంటేది, ఇది కుంటట్లేదేం అని అడుగుతున్నారు."

"దానికి కాలు విరిగుంటుంది సార్. విరిగిన కాలు పుట్టుకతో ఎలా వస్తుంది?"

"అది మనకీ తెలుసు, పైవాళ్ళకీ తెలుసు. ఆవిడకి తెలియాలా?" కవరు బల్లమీద పెట్టాడు. లోపల మెత్తటి పట్టీ, బఠాణీ అంత గులకరాయి. "వెనక ఎడమకాలు. అరికాలి మెత్త కింద రాయి పెట్టి పట్టీ చుట్టండి. మందుపట్టీ అని చెబుదాం. రెండు నెలలు అలాగే నడిస్తే, తర్వాత రాయి తీసేసినా కుంటుడు పోదట. పైన లెక్కకట్టి చెప్పారు."

అలవాట్లాయన కవరు ముట్టుకోలేదు. గోధుమపిల్ల ఆయన బూటు లేసు నోట్లో పెట్టుకుని, పాముని పట్టినంత గర్వంగా విదిలిస్తోంది.

"వద్దులెండి సార్."

"ఆవిడకి నచ్చలేదంటే దీన్ని పైకి పంపాలి. ఇంకోటి చేస్తాం, విత్తనం మన దగ్గరే వుంది. కాని ఇది పైకెళుతుంది. నేను పంపట్లేదు మాస్టారు గారూ, మీరు పంపుతున్నారు. చిన్న రాయి ఎక్కువా, ప్రాణం ఎక్కువా? మీరే చెప్పండి."

మేనేజరు చెడ్డవాడేం కాదు. అడిగిన ప్రశ్న కూడా చెడ్డది కాదు. అదే బాధ.

అలవాట్లాయన తన చేతులకేసి చూసుకున్నాడు. ఎడమచేయి కాయలు కాచి, వేళ్ళు లావెక్కి, పాత కాపులా వుంది. కుడిచేయి పక్కన నిలబడ్డ చుట్టంలా, నున్నగా వుంది.

ఆయన పుట్టడానికి ఏడాది ముందు ఆయన అన్న పోయాడు. ఆరేళ్ళవాడు. మూడురోజుల జ్వరం. ఈయన పుట్టగానే చుట్టాలంతా వచ్చి, తొంగిచూసి, "వాడే మళ్ళీ వచ్చాడు" అన్నారు. అనేవాళ్ళకేం, అనేసి, భోంచేసి, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. తల్లి మాత్రం నమ్మింది. అన్న పేరే పెట్టింది. దాచిన చొక్కాలే తొడిగింది. అన్నకి బెండకాయ గిట్టదు గనక ఈయన కంచంలోనూ వెయ్యలేదు. పెళ్ళయ్యేదాకా బెండకాయ రుచేమిటో ఆయన ఎరగడు. అన్నీ బాగానే వున్నాయి గాని, అన్నది ఎడమచేతి వాటం. ఈయనది కాదు. అందుకని తల్లి గుడ్డపేలికతో ఈయన కుడిచేతిని నడుముకి కట్టేది. అన్నం తినేటప్పుడు, పలక పట్టుకునేటప్పుడు. కోపంతో కాదు. ముడివేసి ముద్దుపెట్టుకునేది. ఏడాదిన్నర అలా కట్టింది. ఆ తర్వాత కట్టనక్కర్లేకపోయింది.

పోయేముందు తల్లి ఆ పేరుతో పిలిచింది. ఇద్దరికీ ఒకటే పేరు కావడంచేత ఎవర్ని పిలిచిందో ఆయనకి తెలియలేదు. ఇద్దరి తరఫునా తానే "ఊఁ" అన్నాడు.

"సార్," అన్నాడు అలవాట్లాయన, "చిన్నప్పుడు మా అమ్మ నా కుడిచేయి కట్టేసింది. ప్రేమకొద్దీ కట్టింది, ఆవిణ్ణి ఏమీ అనలేను. మీరు ఉద్యోగం కోసం కట్టమంటున్నారు. మిమ్మల్ని అనగలను."

మేనేజరుకి చెయ్యి సంగతి అర్థం కాలేదు. "ఏమంటారు?" అన్నాడు.

"కట్టనంటాను."

స్నానాలమ్మ కొళాయి కట్టేసింది. గోధుమపిల్ల, తగువు తనే గెలిచాననుకుని, తోకెత్తుకుని ఒక చుట్టు తిరిగింది.

మేనేజరు కవరు తీసుకుని తనే వంగాడు. కాలు పట్టుకోబోతే పిల్ల లిఫ్టుదాకా ఉరికింది. వెంటపడితే కాలవలోకి దూకింది. రెండు ఫోన్లూ ఒక్కసారే మోగాయి. నీళ్ళలో జారిన బూటు ఒకటి చేత్తో పట్టుకుని, "పదకొండుకి మీరే తీసుకురండి. ఏం జరిగినా మీదే బాధ్యత" అని పైకి పోయాడు.

"ఆవిడ వద్దందనుకో, ఏం చేస్తావు బాబాయ్?" అంది స్నానాలమ్మ, ఈసారి నవ్వకుండా.

"తెలీదు."

"తెలీకుండానే అంత మాటన్నావా!"

"తెలిస్తే అనేవాణ్ణి కాదేమో."

చూపుల గదిలో మెత్తటి సోఫా, గాజుబల్ల, గోడకి పాత కుక్క ఫొటో. ఫొటో కింద కంపెనీవారి మాట, బంగారు రంగులో: పోయింది పోలేదు. డాక్టరమ్మ అప్పటికే వచ్చి కూర్చునివుంది. డెబ్భై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి, కత్తిరించిన తెల్లజుట్టు, ఎంతో పని చేసిన చిన్న చేతులు. పిల్లని చూడగానే లేచి, ముందు మూలనున్న పంపు దగ్గర చేతులు కడుక్కుంది. వచ్చి, దాని దవడ పట్టుకుని నోరు తెరిపించింది.

"పాలపళ్ళు. వరస బాగుంది. దింపండి. నడవనీండి."

అలవాట్లాయన దింపాడు. పిల్ల నడవలేదు, పరుగెత్తింది. నున్నటి నేలమీద నాలుగుకాళ్ళూ నాలుగువైపులకి జారి, బల్లకోడుకి ఢీకొని, తప్పు బల్లదన్నట్టు దానికేసి గుర్రుగా చూసింది.

"కుంటట్లేదు," అంది డాక్టరమ్మ.

"ట్రైనింగ్ ఇంకా పూర్తికాలేదు మేడమ్," అన్నాడు మేనేజరు. "ఇంకో రెండు నెలల్లో..."

"ఎన్ని నెలలైనా కుంటదమ్మా. దాని కాళ్ళు బాగున్నాయి."

డాక్టరమ్మ తలెత్తి అలవాట్లాయన్ని చూసింది. "నాది కుంటేది."

"మీది కుంటేది. ఇది మీది కాదు."

మేనేజరు నవ్వాడు. "మా మాస్టారికి హాస్యం ఎక్కువ మేడమ్."

"ఛాతీ మీద బొచ్చు పాయతీసి చూడండమ్మా. మొదళ్ళు తెల్లగా వుంటాయి. రంగేశారు. మీదానికి నీళ్ళంటే భయమన్నారు, ఇది నీళ్ళని తిడుతుంది. నెలరోజుల్నుంచి నేను దీనికి ఏమీ నేర్పలేదు. ఇదే నాకు లేసులు గట్టిగా కట్టుకోవడం నేర్పింది."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. వేళ్ళతో బొచ్చు విడదీసింది. చాలాసేపు చూసింది. పిల్ల ఆవిడ మణికట్టు నాకింది. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుని లేచి నిలబడింది. కోపం మేనేజరు మీదకి పోలేదు, ఎదురుగా వున్నవాడి మీదకే వచ్చింది.

"ఇప్పుడా చెప్పేది? ఏడాదిగా ఎదురుచూస్తున్నాను. రోజూ గేటు దగ్గర గిన్నెలో నీళ్ళు మారుస్తున్నాను. నువ్వెవడివయ్యా నాకు చెప్పడానికి?"

"దీన్ని కుంటించమన్నది నన్నేనమ్మా. కాలి కింద రాయి కట్టమన్నారు. కట్టలేదు." ఫారం తెరిచి బల్లమీద పెట్టాడు. "అరవై మూడు ప్రశ్నలకి జవాబు రాశారు. ఏ బిస్కట్టు తినేదో దాని కొలతతో సహా రాశారు. ఎందుకు కుంటేదీ అన్నదానికి మాత్రం గడి ఖాళీగా వదిలేశారు."

డాక్టరమ్మ ఆ గడికేసి చూసి, కూర్చుంది. పిల్ల సోఫా కాలిని పళ్ళతో రుచి చూస్తున్న చప్పుడు.

"నేనే," అంది. "ఎవరికో పంటినొప్పి అని తొందరలో కారు వెనక్కి తీశాను. అరిచాక ఆపాను. తొమ్మిదేళ్ళు... తొమ్మిదేళ్ళు అలా కుంటుతూ నా వెనకే తిరిగింది. ఒక్కరోజూ మొహం తిప్పుకోలేదు. నేనే ఆ కాలివంక చూసేదాన్ని కాదు." చేతులు ఒకదాంట్లో ఒకటి బిగించింది. "ఒక్కసారి కూడా చెప్పలేదు దానికి. కుక్కకేం చెబుతాంలే అనుకున్నాను. ఇప్పుడు చెబుదామని... ఇది కుంటకపోతే నేను ఎవరికి చెప్పుకోను?"

"దానికి చెప్పుకోవాలమ్మా. అది లేదు," అన్నాడు అలవాట్లాయన. మెత్తగానే అన్నాడు గాని, మాట మెత్తబడలేదు. "దీనికి చెబితే ఏం తెలుస్తుంది? నిన్నగాక మొన్న పుట్టింది. మీరు దీన్నేమీ చెయ్యలేదు. ఏదో చేసినట్టు దీని కాలు పాడుచేసి, ఆ కాలు పట్టుకుని ఏడుస్తారా? అప్పుడు నిజంగానే చేసినవాళ్ళవుతారు."

మేనేజరు నోరు తెరిచాడు. ఆవిడ అతనికేసి చూడకుండానే చెయ్యెత్తింది. నలభై ఏళ్ళు ఎంతమంది నోళ్ళు ఎంతసేపు తెరవాలో నిర్ణయించిన చెయ్యి అది. అతను నోరు మూసుకున్నాడు.

"నేను తీసుకోకపోతే?"

"పైకి పంపుతారు. తర్వాత నాకు తెలీదు. మీరు తీసుకోవాలని చెప్పట్లేదమ్మా. తీసుకుంటే మాత్రం దీన్నిగా తీసుకోండి. లేకపోతే వద్దు."

అది మాట తూలడమే. గెలుస్తానని అనలేదు ఆయన. ఆవిడ లేచి వెళ్ళిపోతే లిఫ్టు తలుపు ఎలా తెరుచుకుంటుందో, లోపలి దీపం ఏ రంగో ఆయనకి బాగా తెలుసు. ఎడమచేతిని కుడిచేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

డాక్టరమ్మ సంచీలోంచి మెడపట్టీ తీయబోయి, మళ్ళీ లోపలే వదిలేసింది. పాతపేరుతో ఒకసారి పిలిచింది. పిల్ల వినిపించుకోలేదు. ఇంకోసారి పిలవలేదు. కిందకి జారి నేలమీద కూర్చుంది, ఆ వయసులో మోకాళ్ళు పటపటమంటుంటే. ఊరికే కూర్చుంది. కాసేపటికి పిల్ల సోఫా కాలు వదిలి, ఆవిడ చెప్పుని వాసన చూసి, బల్లమీది కాగితాన్ని ఒక మూల పట్టి లాగింది.

"ఏమని పిలవను దీన్ని?"

"నాల్రోజులు ఏమీ పిలవకండి. చూస్తూ వుండండి. అదే చెబుతుంది."

పిల్ల లాగింది ముట్టినట్టు రాసిచ్చే కాగితం. 'నేను పోగొట్టుకున్న కుక్కనే తిరిగి అందుకున్నాను' అని అచ్చువేసి వుంటుంది, సంతకమే తక్కువ. డాక్టరమ్మ దాన్ని పిల్ల నోట్లోంచి నేర్పుగా విడిపించి, కలం తీసి, అచ్చు మాటల్ని అడ్డంగా కొట్టేసింది. పైన నాలుగు ముక్కలు రాసి, కింద సంతకం పెట్టింది.

"మేడమ్, అలా రాస్తే మా సిస్టమ్ తీసుకోదు."

"అయితే మీ సిస్టమ్‌కి పళ్ళు పుచ్చాయన్నమాట. పీకించుకోండి."

పిల్లని చంకనేసుకుని వెళ్ళింది. గుమ్మం దాటుతూ, ఎటో చూస్తున్నట్టుగా, "నేను కారు తీసేటప్పుడు లోపల కట్టేస్తాను" అంది. ఎవరితో అందో తెలియదు.

"రేపట్నుంచి మీరు రానక్కర్లేదు," అన్నాడు మేనేజరు.

"రేపటిదాకా ఎందుకు సార్, పాపం."

తెల్లకోటు మేకుకి తగిలించాడు. మోకాళ్ళకి తోలుముక్కలున్న ప్యాంటు సొంతదే గనక అలాగే వుంచుకున్నాడు. స్నానాలమ్మ తడిచేతులు తుడుచుకుంటూ అడ్డం వచ్చింది. "ఇంటికెళ్ళి ఏం చెబుతావు బాబాయ్?"

"ఉద్యోగం పోయిందని చెబుతాను."

"పిన్ని నమ్ముతుందా?"

"నమ్మదు. ఈసారి ఎవరి గొంతు అని అడుగుతుంది. నాదేనే అని చెబుతాను."

నల్లపిల్ల గది దగ్గర ఆగి, ఊచల్లోంచి దాని చెవిలో ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో స్నానాలమ్మకి వినబడలేదు గాని, ఆ మర్నాడు కొత్త మనిషి వచ్చి ఎంత దగ్గినా అది లేచి రాలేదట. మూడోరోజుకి కొత్త మనిషికి నిజంగానే దగ్గొచ్చిందట. ఇందులో ఎంత నిజమో చెప్పడం కష్టం. ఆ పిల్లని ఆ వారం లిఫ్టు ఎక్కించారన్నది మాత్రం నిజం. ఆ మాటెత్తితే స్నానాలమ్మ కొళాయి గట్టిగా తిప్పుతుంది.

మిట్టమధ్యాహ్నం వీధి ఎలా వుంటుందో పదకొండేళ్ళలో చూడలేదు అలవాట్లాయన. ఎండ తెల్లగా వుంది. మెట్లమీద ఒక్క క్షణం నిలబడి, ఎవరికోసమూ కాకుండా, తన గొంతుతో తనే ఒకసారి దగ్గి చూసుకున్నాడు. బాగానే వుంది. మూలమలుపు దాకా వెళ్ళడం స్నానాలమ్మ కిటికీలోంచి చూసింది. నెమ్మదిగా, తిన్నగా నడిచాడు.

చూపుల గదిలో గాజుబల్ల మీద ఆ కాగితం అలాగే వుండిపోయింది. కంపెనీలో ఫైళ్ళన్నీ 'అదే' అన్నవాళ్ళవే. దీన్ని ఎందులో పెట్టాలో ఎవరికీ తోచలేదు. చింపెయ్యడానికి లేదు, కింద సంతకం వుంది. కొట్టేసిన అచ్చు మాటల పైన నీలంసిరాతో, మందుచీటీ రాసే చేతిరాతతో, 'వేరే కుక్క. బాగుంది. ముట్టింది' అని వుంది. కుడిమూల నలిగి, పాలపళ్ళ గాట్లు నాలుగు, వరసగా.